బడికి పోయిన పొంగనాల పెనం

నేను ఒక గుంత పొంగనాల పెనాన్ని. పోత ఇనుముతో పుట్టినదాన్ని కాబట్టి బుర్ర కాస్త మందమే అనుకోండి. మనుషులు చేసే పనుల్లో సగం నాకు అర్థం కావు. అర్థమైందనుకున్న మిగతా సగం కూడా తరువాత తప్పని తేలుతూ ఉంటుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, తేల్చుకోవలసింది మీరే.

కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే, చల్లారి నేనయ్యాను. గుండ్రటి ఒళ్లు, ఒళ్లంతా గుంతలు, రెండు పక్కలా చెవుల్లాంటి పిడులు. నన్ను అచ్చులోంచి తీసినవాడు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పడేశాడే తప్ప, ఎందుకు చేశాడో చెప్పలేదు. కదిరి తిరునాళ్లలో ఓబుళమ్మ నన్ను కొన్నది. ఇంటికి తీసుకుపోయి గంజిలో నానబెట్టింది, నూనె పట్టించింది, ఉల్లిపాయ ముక్కతో గుంత గుంతనూ రుద్దింది. చంటిబిడ్డకు కూడా అంత సేవ చేస్తారో లేదో. ఆ తరువాత ఒక తెల్లవారుజామున పొయ్యి మీద పెట్టి పిండి పోసింది. అది చుర్రుమన్నప్పుడు, ఓహో, నేను పుట్టింది ఇందుకా అనుకున్నాను.

ఓబుళమ్మకు మొగుడు లేడు. ఉన్నది ఒక్క కొడుకు, రామకేశవులు. సినిమా హాలు ముందు పొయ్యి పెట్టి పొంగనాలు అమ్మి వాణ్ణి చదివించింది. బడి వదలగానే వాడు పుస్తకాల సంచీతో పరుగెత్తుకొచ్చి పొయ్యి పక్కన కూర్చునేవాడు. వాడికి మాత్రం బాగా ఎర్రగా కాలినవి తీసి పెట్టేది. పెరిగి పెద్దవాడై ఆర్టీసీలో డ్రైవరయ్యాడు. విజయభారతిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఓబుళమ్మ మోకాళ్లు మొరాయించాక దుకాణం మూసేసి, నన్ను కోడలి చేతిలో పెట్టింది. సబ్బు మాత్రం తగిలించవద్దని ఒక్క షరతు పెట్టింది.

భారతి వంట చూసి నేను మొదట్లో బిత్తరపోయాను. ఓబుళమ్మకు పొంగనాలంటే పొంగనాలే. ఈమెకు స్కూటీ తాళాలు ఒక చేతిలో, గరిటె ఒక చేతిలో. పులిసిన దోసెల పిండి మిగిలితే అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నానిన శెనగపప్పు వేసి నా గుంతల్లో పోసేది. పిండి లేకపోతే కోడిగుడ్డు గిలకొట్టి పోసేది. రాత్రి ఉప్మా మిగిలితే ఉండలు చేసి, చెంచాడు నూనెతో ఎర్రగా కాల్చి డబ్బాలో సర్దుకుని పోయేది. మొదటిసారి గుడ్డు పడినప్పుడు ఇది నేనేనా అనిపించింది. ఓబుళమ్మ మాత్రం ఒకటి తిని, బాగుందని ఇంకొకటి అడిగింది.

ఒక ఉదయం భారతి పొంగనాలన్నీ తీసేశాక, ఖాళీ గుంతలను చూస్తూ అలాగే నిలబడిపోయింది. నేను చల్లారగానే గుడ్డతో తుడిచి, సంచీలో వేసి, స్కూటీ ముందు పెట్టుకుంది. రెండో తరగతి పిల్లలకు గుణకారం తలకెక్కడం లేదట. బడిలో పొయ్యి లేదు, నూనె లేదు. బల్ల మీద నన్ను పెట్టి, గుంతకు మూడేసి చింతగింజలు వెయ్యమన్నది. పిల్లలు చుట్టూ మూగారు. నాలుగు మూళ్లు ఎంతో వేళ్లతో తాకి చూసుకున్నారు. అఫ్రీన్ అనే పిల్ల నెలల తరబడి తరగతిలో నోరు తెరవలేదట. భారతి ఒక ఖాళీ గుంత చూపించి, ఇందులో ఎన్ని ఉన్నాయని ఆ పిల్లను అడిగింది.

"ఇంగా పొయ్యలేదు మేడం," అన్నది అఫ్రీన్.

సున్నా అనవలసిన జవాబు అది. తప్పనాలో ఒప్పనాలో భారతికి తోచలేదు. కానీ ఆ పిల్ల మాట్లాడింది కదా, అందుకని చప్పట్లు కొట్టించింది. నా మటుకు నాకు ఆ జవాబే సరైనదనిపించింది.

ఆ రోజు నుంచి నేను తరచుగా బడికి పోతూ వచ్చాను. భారతి అత్తకు చెప్పలేదు. సబ్బు కూడా తగలనివ్వని పెనాన్ని సుద్దముక్కల మధ్య పెట్టానంటే ఆమె మనసు కష్టపెట్టుకుంటుందని మొదటిరోజు ఊరుకుంది. తరువాత, ఇన్నాళ్లూ చెప్పకుండా ఇప్పుడెలా చెప్పేదని ఊరుకుంది. చిన్న విషయం చెప్పకపోతే అది ఎందుకు పెద్దదవుతుందో నాకు అంతు పట్టదు.

ఇంట్లో ఏం జరుగుతోందో నాకు సెలవు రోజుల్లో, వాళ్ల మాటల్లో తెలిసింది. ఓబుళమ్మ పగటిపూట వంటింట్లోకి వచ్చి నా కోసం వెతికేది. కనిపించేదాన్ని కాదు. సాయంత్రానికి మళ్లీ నా మేకుకే వేలాడుతూ ఉండేదాన్ని. మొదట్లో కోడల్ని అడిగింది. అక్కడే ఉంది కదత్తా అని భారతి మాట దాటేసింది. కొన్నాళ్లకు ఓబుళమ్మ అడగడం మానేసింది. నా దగ్గరికి వచ్చి పిడి పట్టుకుని, ఉన్నానా లేనా అన్నట్టు తడిమి చూసి పోయేది. ఒకసారి గుంతలో తెల్లటి పొడి వేలికి అంటితే, నాలుక మీద వేసుకుని చాలాసేపు ఆలోచించింది. అది సుద్ద అని ఆమెకెలా తెలుస్తుంది? తన మతి మీద తనకే నమ్మకం పోయి, ఇక గ్యాసు ముట్టించడానికి కూడా భయపడిపోయింది.

ఒక శనివారం ఒంటిపూట బడి. భారతి తొందరగా ఇంటికి వచ్చింది. సంచీలో నేనున్నాను. వంటింట్లో గిన్నెలు, డబ్బాలు, మూతలు అన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. వాటి మధ్య ఓబుళమ్మ కూర్చుని ఉంది. ఆమె గొంతు విన్నాను.

"పెనం కనపల్లేదు పాపా. పొద్దన్నుంచి దేవులాడతాండా. సాయంత్రమయితే మల్లా ఆడ్నే ఉంటాది. నాకు మతి పోతాండాది. రామకేశవునికి జెప్పాకు, దిగులుపడతాడు."

భారతి సంచీ కింద పెట్టింది. తరువాత నన్ను బయటికి తీసి అత్త ఒళ్లో పెట్టి, ఆమె ముందు నేల మీద కూలబడింది.

"నీ మతి బాగానే ఉందత్తా. నేనే బడికి తీసుకపోతాంటి, పిల్లోల్లకు లెక్కలు జెప్పేదానికి. నీకు జెప్పకపోవడం నాదే తప్పు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగుతో నా గుంతలు తుడుస్తూ, తుడుస్తూ ఓబుళమ్మ నవ్వడం మొదలుపెట్టింది. గుండెల మీద నుంచి బండ దించినట్టు ఊపిరి పీల్చుకుంది. పిల్లలకు లెక్కలు వచ్చినాయా అని అడిగింది. వచ్చినాయని భారతి చెప్పింది. ఇద్దరూ నవ్వుతున్నారు కదా, అంతటితో అయిపోయిందనుకున్నాను.

"అయితే ఉప్పు డబ్బా గూడ నువ్వే తీసుకపోయింటావు," అన్నది ఓబుళమ్మ. "మొన్న నా కండ్లద్దాలు గూడ."

ఉప్పు డబ్బా బడికి రాలేదు. వచ్చి ఉంటే నాకు తెలిసేది. దాన్ని భారతి కిందటి వారం బీరువాలో చీరల మధ్య చూసి, ఎవరికీ చెప్పకుండా తెచ్చి వంటింట్లో పెట్టిందట. కళ్లద్దాలు బియ్యం డబ్బాలో దొరికాయట. భారతి ముఖం ఎలా మారిందో నేను చూశాను. ఓబుళమ్మ చూడలేదు, నన్ను తుడవడంలో ఉంది.

"అవునత్తా," అన్నది భారతి. "అవి గూడ నేనే."

నిజం చెప్పిన నోటితోనే, ఆ తడి ఆరకముందే ఆమె అబద్ధం ఎందుకు చెప్పిందో నాకు ఈనాటికీ తికమకగానే ఉంది. మొదటిది ఒప్పనుకుంటే రెండోది తప్పనుకోవాలి. కానీ రెండూ విన్నాక ఓబుళమ్మ ఒకేలా నిశ్చింతగా ఉంది.

ఆ రాత్రి భారతి మొగుడికి అంతా చెప్పింది. ఇద్దరూ కలిసి ఓబుళమ్మను అనంతపురంలో డాక్టరుకు చూపించారు. జబ్బుకు ఏదో పొడుగాటి పేరు చెప్పారట, మందులు వచ్చాయి. నన్ను మళ్లీ బడికి తీసుకుపోలేదు. ఇప్పుడు పిల్లలకు కోడిగుడ్ల అట్టలు చాలుతున్నాయి, వాటిలో చింతగింజలు ఇంకా బాగా నిలుస్తాయట. అఫ్రీన్ రెండో ఎక్కం మొత్తం అప్పజెప్పిందని భారతి ఒక సాయంత్రం వంటింట్లో చెప్పగా విన్నాను. ఏ అఫ్రీన్ అని ఓబుళమ్మ అడిగింది. భారతి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. మరుసటి రోజు కూడా చెప్పింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ కలిసే వంట చేస్తున్నారు. భారతి పిండి కలిపి, పొయ్యి ముట్టించి పక్కన నిలబడుతుంది. ఓబుళమ్మ గరిటెతో పోస్తుంది. ఏది మరిచినా ఆ చేయి గుంతను మరవలేదు, ఒక్క చుక్క బయట పడదు.

నిన్న సాయంత్రం అలాగే పోసి, మూత పెట్టి ఓబుళమ్మ ఆగిపోయింది. వాకిలి వైపు చూసింది. రామకేశవులు ధర్మవరం బస్సు మీద డ్యూటీలో ఉన్నాడు.

"పిల్లోడు ఇంగా రాలేదే. ఎర్రగా కాలినవి వాడికోసరం తీసిపెట్టినా. బడి ఇడ్సలేదా?"

భారతి చెంగుతో నుదురు తుడుచుకుంది. చాలా నెమ్మదిగా అత్త భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంగా బెల్లు కొట్టలేదత్తా. కొట్టంగానే వస్తాడు."

సరేనని ఓబుళమ్మ మూత తీసి, నా గుంతల్లోని పొంగనాలు ఒక్కొక్కటిగా తిప్పడం మొదలుపెట్టింది.