మూడు వందల గ్రాములు

అర కిలో బిళ్లను గుడ్డతో మూడోసారి తుడుస్తున్నాడు అటెండరు. అది మొదటిసారికే శుభ్రమైపోయింది, అయినా చెయ్యి ఆగడం లేదు. ముప్ఫై ఆరేళ్లుగా ఈ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. ముందు తూకపు బిళ్లలు, తర్వాత కప్పీలు, తర్వాత తాళ్లు, అన్నిటికన్నా చివర తన కళ్లజోడు. కళ్లజోడు చివర తుడుచుకునేవాడికి మిగతావి శుభ్రమయ్యాయో లేదో ఎలా కనబడుతుందని పిల్లలు ఒకసారి అడిగారు. అతను ఆలోచించి, "చేతికి తెలుస్తుందిలే" అన్నాడు.

పొట్టి మనిషి. వేళ్ల కణుపులు ఉబ్బి ఉంటాయి. కుడి బొటనవేలి గోరు మధ్యకి చీలి ఉంటుంది, ఎప్పుడో రెండు కిలోల దిమ్మ మీద పడి. నడుస్తుంటే ఎడమ మోకాలు కిర్రుమంటుంది. అందుకే పిల్లలు చాటుగా 'గిలక తాత' అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలియనట్టు ఉండటంలో అతనిది అందె వేసిన చెయ్యి. అసలు అతని బతుకంతా ఆ విద్య మీదే నడిచింది, ఏం చెప్పుకోవాలి!

ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది. అయిదింటికి స్టాఫ్ రూములో ఒక పూలగుత్తి, నాలుగు మంచి మాటలు ఉంటాయట. అతని బెంగ వాటి గురించి కాదు. నాలుగింటికి చెల్లెలు వస్తానంది. ఆమె వచ్చేలోగా ఒక్క మాట కూడదీసుకోవాలి. 'నూనె వేసింది నేనే.' మూడంటే మూడు ముక్కలు. ముప్ఫై అయిదేళ్లుగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.

నిన్న ఫోను చేసి పిలిచాడు.

"ఇప్పుడు అక్కడికెందుకన్నయ్యా? ఆదివారం ఇంటికొస్తావుగా, అప్పుడు చూసుకుందాం మొహాలు," అంది చెల్లెలు.

"ఒక్కసారి రావే. నీకొకటి చూపించాలి."

"ఏంటది? ల్యాబు నా పేర రాసేస్తున్నావా?"

"రావే అంటే..."

అవతల కుట్టు మిషను చప్పుడు ఆగింది.

"సరే, గొంతు అలా పెట్టకు. నాలుగింటికి పని అవగానే వస్తా."

ఇన్నేళ్లలో ఆమె ఈ గేటు దాటి లోపలికి రాలేదు. బస్సు ఈ రోడ్డున పోతుంటే రెండో వైపుకి తిరిగి కూర్చుంటుంది.

పదింటికి పిల్లలు వచ్చారు. ఇవాళ్టి ప్రయోగం కప్పీలదే కావడం కలిసొచ్చిందో కక్ష కట్టిందో అతనికి అర్థం కాలేదు. పై కొక్కేనికి ఒక కప్పీ, కింద రెండు కిలోల బరువుతో పాటు పైకి లేచే కప్పీ ఇంకొకటి, రెంటి మీదుగా తాడు, తాడు చివర పళ్లెం. పళ్లెంలో బిళ్లలు వేసుకుంటూ పోతే, పద్నాలుగు వందల గ్రాముల దగ్గర బరువు కదిలి నెమ్మదిగా పైకి వస్తుంది. బరువు జానెడు లేస్తే పళ్లెం రెండు జానలు దిగుతుంది.

"పళ్లెం దిగడంలో మీరు పెట్టిన పని ఎంతో రాయండి. బరువు లేవడంలో తిరిగొచ్చిన పని ఎంతో రాయండి. వచ్చినదాన్ని పెట్టినదానితో భాగించి నూరుతో గుణించండి. అదే దక్షత," అని చెప్పింది మేడమ్. వయసులో చిన్నది, వచ్చి రెండేళ్లయింది. అతన్ని బాబాయ్ అంటుంది. "నూరు మాత్రం ఎప్పటికీ రాదు."

"మిగతాది ఏమైపోతుంది మేడమ్?" అని ముందు వరుసలోంచి ఒక పిల్ల అడిగింది.

"రాపిడి తినేస్తుంది. ఇరుసు దగ్గర వేడి కింద మారిపోతుంది. ఇక మన చేతికి రాదు."

వెనక తాళ్లు చుట్టుకుంటున్న అటెండరు ఆ మాట వినడం ఇది ఎన్ని వందలసార్లో. విన్న ప్రతిసారీ గుండెలో కలుక్కుమంటుంది. ఇవాళ ఆ నొప్పి ఇంకాస్త పైకి, భుజం దాకా పాకింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చాం కదా, గ్యాస్ అయి ఉంటుందిలే అనుకున్నాడు.

అప్పట్లో అతను టెంపరరీ. ఆ నెలలోనే పర్మనెంటు కాగితం రావాలి. చెల్లెలికి పదిహేడేళ్లు. లెక్కలంటే ప్రాణం పెట్టేది. టీచరవుతానని, అన్నయ్య ల్యాబుకే వచ్చి అన్నయ్య మీదే పెత్తనం చేస్తానని ఇల్లంతా ఎగిరేది. ఆమె ప్రాక్టికల్ పరీక్షకి ముందు రోజు సాయంత్రం సామాను సరిచూస్తుంటే కప్పీ కీచుమంది. ఆ చప్పుడుకి పిల్ల కంగారు పడుతుందేమోనని రెండు ఇరుసుల మీదా నూనె చుక్కలు వేశాడు. పరీక్షకి సర్దిపెట్టిన సామాను మీద ఎవరూ చెయ్యి వేయకూడదని రూలు. ప్రేమ కొద్దీ వేశాడు, రూలు గుర్తు రాలేదు.

మర్నాడు చీటీల్లో ఆమెకి కప్పీలే వచ్చాయి. ఆ కప్పీలకి దక్షత డెబ్బై ఒకటి వస్తుందని కాలేజీలో గోడలకి కూడా తెలుసు. సీనియర్ల రికార్డుల నిండా అదే అంకె. వేరే పిల్లయితే పళ్లెం వంక చూడకుండానే డెబ్బై ఒకటి రాసి బయటపడేది. ఈమె బిళ్లలు ఒక్కొక్కటే వేసింది. పదకొండు వందలకే బరువు కదిలింది. ఉన్నది ఉన్నట్టు లెక్క వేసి తొంభై ఒకటి రాసింది.

"అంకెలు ఇంట్లో వండుకొచ్చావా?" అన్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు. "ఈ కప్పీలకి తొంభై ఒకటా!"

"మళ్లీ వేసి చూపిస్తాను సార్."

"టైమైపోయింది. పో."

ఆమె తల తిప్పి అన్నయ్య వంక చూసింది. అన్నయ్య గుడ్డ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నూనె డబ్బా అతని ప్యాంటు జేబులోనే ఉంది. 'సార్, నిన్న నూనె నేనే వేశాను' అని ఉంటే అయిపోయేది. నోరు తెరిచాడు కూడా. పర్మనెంటు కాగితం కళ్ల ముందు ఆడింది. నోరు మూసుకుని కిటికీ అద్దం తుడిచాడు.

ప్రాక్టికల్‌లో సున్నా వేశారు. తప్పిన పిల్లని మళ్లీ చదివించే ఓపిక లేదన్నాడు నాన్న. యూనిఫారాలు కుట్టే షాపులో మిషను ముందు కూర్చుంది చెల్లెలు, ఇప్పటికీ అక్కడే ఉంది. కాగితం మాత్రం నెలాఖరుకి ఠంచనుగా వచ్చింది.

ఆ తర్వాత అతను ఆ కప్పీలకి నూనె తగలనివ్వలేదు. పొడిగుడ్డతో తుడవడమే. ఏడాదికేడాది డెబ్బై ఒకటి తప్పకుండా చూసుకున్నాడు. ఇంటి దగ్గర చెల్లెలి సొంత మిషనుకి మాత్రం ప్రతి ఆదివారం నూనె వేసేది అతనే. "ఎక్కువ పొయ్యకు, మరకలవుతాయి," అంటూ ఆమె డబ్బా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటుంది. డబ్బా తిరిగి ఇచ్చేదాకా ఆమె చూపు అతని మొహం మీదే ఉంటుంది. అతను తలెత్తడు.

మధ్యాహ్నం ల్యాబు ఖాళీ అయింది. మేడమ్ మీటింగుకి వెళుతూ, "ఇవాళైనా కాస్త కూర్చోండి బాబాయ్," అంది.

"కూర్చుంటే నడుం పట్టేస్తుందమ్మా."

తలుపు దగ్గరగా వేసి, జేబులోంచి నూనె డబ్బా తీశాడు. ముందు పొడి కప్పీల మీద పద్నాలుగు వందలు వేసి చూశాడు. తర్వాత పై ఇరుసుకి రెండు చుక్కలు, కింది ఇరుసుకి రెండు చుక్కలు వేసి, చక్రాలని వేలితో తిప్పాడు. పళ్లెంలోంచి వంద గ్రాముల బిళ్ల ఒకటి తీశాడు. రెండోది తీశాడు. మూడోదీ తీశాడు. బరువు అప్పుడు కూడా పైకి వచ్చింది, చప్పుడు లేకుండా. అతని కళ్లు నిండిపోయాయి. ఒక మనిషి చదువంతా ఈ మూడు బిళ్లల్లో కొట్టుకుపోయింది కదా!

ఇన్నేళ్లూ పిల్లలకి కాగితాలు అందించడమే తప్ప తను రాసింది లేదు. మొదటిసారి ఒక కాగితం తీసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. పేరు రాసే చోట చెల్లెలి పేరు రాశాడు. హాల్ టికెట్ నంబరు ముప్ఫై ఏడు, మర్చిపోతేగా. అంకెలన్నీ దిద్దినట్టు రాసి, కింద ఖాళీలో ఇంకో రెండు వాక్యాలు రాశాడు. నోరు పెగలకపోతే కాగితమైనా ఇవ్వొచ్చని. అలా ఇవ్వడం పిరికితనమే అని కూడా అతనికి తెలుసు. 'కాదు, ఇవాళ నోటితోనే చెబుతా,' అనుకున్నాడు.

గడియారం మూడూ పది చూపిస్తోంది. చెమటలు పడుతున్నాయి. స్టూలు గోడ దగ్గరికి లాక్కుని, వీపు ఆనించి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దాన్ని మళ్లీ పెట్టుకోలేదు.

మూడున్నరకి మేడమ్ తిరిగొచ్చింది. బాబాయ్ కూర్చుని ఉండటం చూసి, పోనీలే ఇన్నాళ్లకి నా మాట విన్నాడని నవ్వుకుంది. టీ తెప్పించనా అని రెండుసార్లు అడిగింది. మూడోసారి భుజం మీద చెయ్యి వేసింది.

నాలుగింటికి చెల్లెలు వచ్చేసరికి అతన్ని పక్క గదిలో బెంచీల మీద పడుకోబెట్టి ఉంచారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. ఆమె అన్నయ్య పాదాల దగ్గర చాలాసేపు కూర్చుంది. తర్వాత కిందికి జారిపోయిన అతని చెయ్యి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లకి నూనె ఉంది. దాన్ని చూశాకే ఏడుపు బయటికి వచ్చింది.

మేడమ్ కాగితం తెచ్చి ఇచ్చింది. "పైన మీ పేరే ఉందండీ."

ఆమె చదివింది. 'పరీక్ష ముందు రోజు నూనె వేసింది నేనే. నీ లెక్క తప్పు కాదు.'

"పిచ్చి అన్నయ్య," అంది. "నాకు ఆ రోజే తెలుసమ్మా. తాడు పట్టుకోగానే వేళ్లకి నూనె అంటింది. మా ఇంట్లో నూనె డబ్బా జేబులో పెట్టుకుని తిరిగేది ఇంకెవరు?"

"మరి అప్పుడే చెప్పకపోయారా?"

"చెబితే ఉద్యోగం పోదూ? ఆ ఉద్యోగంతోనే ఇల్లు గడవాలి." కాగితాన్ని చీర చెంగుతో ఒత్తింది. "తనే చెబుతాడని చూశాను. ప్రతి ఆదివారం డబ్బా చేతికిచ్చి, ఇవాళైనా అంటాడేమోనని ఎదురుగా కూర్చునేదాన్ని. పంతమమ్మా నాది. తెలుసులే, ఊరుకో అన్నయ్యా అని నేనే ఒక్క మాట అనేస్తే పోయేదిగా. ఎంత మోశాడో పాపం, అన్నేళ్లు, ఒట్టి పుణ్యానికి."

ఆమె లేచి ల్యాబులోకి వెళ్లింది. కప్పీలు అలాగే వేలాడుతున్నాయి. పళ్లేన్ని పైకెత్తి వదిలింది. అది చప్పుడు లేకుండా దిగింది, అవతల బరువు అంతే నెమ్మదిగా లేచింది. పదకొండు వందలు లెక్కపెట్టుకుంది, ఒకసారి, మళ్లీ ఒకసారి.

బల్ల మీద మడతపెట్టిన గుడ్డ ఉంది. గుడ్డ మీద, తళతళా తుడిచి పక్కన పెట్టిన వంద గ్రాముల బిళ్లలు మూడు ఉన్నాయి.