కండక్టర్‌ని మాస్టారు చేసిన వారం

విశ్వేశ్వరరావు గొంతు ముప్పై అయిదేళ్లుగా తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయనే ఎవరికీ తెలియదు. డబ్బింగ్ సినిమాల్లో ఇన్‌స్పెక్టర్లు, డాక్టర్లు, హీరోయిన్ మేనమామలు, విలన్ పక్కన నిలబడి "అలాగే బాస్" అనేవాళ్లు, అందరూ ఆయనే. హీరోకి మాత్రం ఎవరూ పిలవలేదు. అరవై రెండో ఏట గొంతు బొంగురుపోయింది. చిత్రంగా ఆ బొంగురే అచ్చొచ్చింది. కొరియా సీరియల్ ఒకటి తెలుగులోకి తెస్తున్నారు. అందులో హీరో ఒక ముసలాయన, ఆర్కెస్ట్రా కండక్టర్. వయొలిన్లూ బాకాలూ పట్టుకుని కూర్చున్న అరవైమందిని చిన్న పుల్ల ఊపి నడిపిస్తాడు. నోరు తెరిస్తే నిప్పులే. "మాకు ఈ గొంతే కావాలి" అన్నారు నారాయణగూడ స్టూడియోవాళ్లు.

పదహారు ఎపిసోడ్లలో పద్నాలుగు అయ్యాక ఆ బొంగురు ఏమిటో తెలిసింది. కేన్సర్. పదకొండో రోజున ఆపరేషన్ అన్నాడు డాక్టర్. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు.

విధికి అక్కడితో కడుపు నిండలేదు. అశోక్‌నగర్ ఇంట్లో ఆయన భార్య రత్నమాలకి షుగర్ వల్ల రెండేళ్ల కిందటే చూపు పోయింది. పొద్దున్నే ఆయన పేపరు చదివి వినిపిస్తే ఆవిడకి తెల్లవారేది. ఇక మీదట మాట లేని మొగుడు, చూపు లేని పెళ్లాం. పలక మీద రాసి చూపిద్దామన్నా ఆవిడకి కనపడదు. ఇదే ఎవరైనా కథలో రాస్తే మరీ అతిగా ఉందని తిప్పి పంపేస్తాం. దేవుడి రాతని తిప్పి పంపే ఎడిటర్ లేడు గనక ఆయన రాసుకుంటూ పోతాడు.

"నాకోసం ఫోన్లో నాలుగు మాటలు పెట్టండి" అంది రత్నమాల ఆ సాయంత్రమే.

"ఏం మాటలు?"

"ఏవైతేనేం? 'రత్నా, కాఫీ తాగావా' అనండి. చాలు."

ఆయన ఎవరో రాసిచ్చిన మాట తప్ప సొంత మాట నోటికి రాని మనిషి. ముప్పై అయిదేళ్లలో తెర మీద ఎంతమంది పెళ్లాలతో ఎంత ప్రేమగా మాట్లాడాడో లెక్కలేదు. ఇంట్లో మాత్రం "ఉప్పు తక్కువైంది" దాటి పోలేదు. ఫోను చేతిలో పట్టుకుని ఏం చెప్పాలో తోచక సిగ్గుపడ్డాడు. "సీరియల్ అయిపోనీ. తీరిగ్గా చెప్తా. ఇంకా పదకొండు రోజులున్నాయిగా" అన్నాడు.

సీరియల్ మాటెత్తారు కదా, అందులో మీరెలా చెప్పారో వినిపించమంది ఆవిడ. సౌండ్ ఇంజనీర్ నగేష్ పంపిన మొదటి ఎపిసోడ్ ఫోన్లో పెట్టాడు. ఆవిడ చెవి ఒగ్గి అరగంట విని, నెమ్మదిగా అడిగింది.

"ఈయన బస్సు కండక్టరా అండీ? మరి డ్యూటీ మానేసి ఆ వయొలిన్ల దగ్గరేం చేస్తున్నాడు?"

ఆయన నవ్వాడు గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. కళ్లున్నవాళ్లకి బొమ్మ ఉంది. వినేవాళ్లకి మాటే దిక్కు. తెలుగువాడి చెవికి కండక్టర్ అంటే చంకలో సంచి, చేతిలో టికెట్లు. జన్మకో హీరో వేషం దొరికితే, సొంత భార్య చెవికి అతను సిటీ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడు. ఆ రాత్రి ఆయన్ని కేన్సర్ కన్నా ఈ మాటే ఎక్కువ బాధపెట్టింది. కళాకారుల బుర్రలు అలాగే ఏడుస్తాయి.

మర్నాడు స్టూడియోలో అన్నాడు. "నగేష్, కండక్టర్ అనే మాట తీసేసి మాస్టారు అని పెడదాం."

నగేష్ తల పట్టుకున్నాడు. "ఏంది సార్! పద్నాలుగు ఎపిసోడ్లు అయిపోయినయ్. ఎవ్వరు అడుగుతలేరు. గట్లనే పోనీయండి."

"పెదాలు చూడు. కండక్టర్‌ని వాళ్లు 'మాయెస్ట్రో' అని పిలుస్తున్నారు. అక్కడ పెదాలు కలిశాయి. మనం 'క' అంటున్నాం. దొంగ దొరికిపోయాడు. 'మాస్టారు' అంటే మా మీద మా వచ్చి కూర్చుంటుంది."

నగేష్ ఒకచోట వేసి చూశాడు. అచ్చంగా కూర్చుంది. కొరియా ముసలాయన తెలుగు తల్లి కడుపున పుట్టినట్టే ఉన్నాడు.

"మంచిగుంది సార్. కానీ మీ గొంతు... దినాలు తక్కువున్నయ్ కదా."

"నా గొంతు సంగతి నాకు తెలుసులే."

తెలియదు. మొత్తం అరవై ఏడు చోట్ల ఉంది ఆ మాట. ఒక్క మాట కోసి అతికితే అతకదు, వాక్యమంతా మళ్లీ చెప్పాలి. అప్పటి కోపం, అప్పటి ఆయాసం అన్నీ మళ్లీ తెచ్చుకోవాలి. సీరియల్లో వయొలిన్ వాయించే అమ్మాయికి గొంతిచ్చిన చంద్రిక కూడా అంబర్‌పేట్ నుంచి మళ్లీ వచ్చి తన వంతు చెప్పి వెళ్లింది. ఆరు రోజులు పట్టింది. సాయంత్రాలు ఆయన గొంతు దాచుకోవడానికి ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. రత్నమాల రోజూ "ఇవాళ పెడతారా నా నాలుగు మాటలు?" అని అడిగేది. ఆయన రోజూ "రేపు" అని గుసగుసగా అనేవాడు. ఇదంతా ఆవిడ చెవి కోసమే చేస్తున్నానని ఆయన నమ్మకం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతోందని గ్రహించలేదు.

పదిహేనో ఎపిసోడ్ ముక్కుతూ మూలుగుతూ అయింది. పదహారులో అసలు సీను ఉంది. ఆర్కెస్ట్రా మూతపడే రోజు కండక్టర్ ఇన్నేళ్లూ తన దగ్గర మొదటి వయొలిన్ వాయించిన ముసలావిడ ముందు నిలబడి మాట్లాడతాడు. జీవితంలో ఒక్కసారి, మెత్తగా. విశ్వేశ్వరరావు ఆ కాగితం నెల రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. శనివారం మధ్యాహ్నం మైకు ముందు నిలబడి "ఇన్నేళ్లూ" అన్నాడు. తరువాతి మాట రాలేదు. వేడినీళ్లు తాగాడు. మళ్లీ "ఇన్నే" దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం దాకా కూర్చున్నారు.

చివరికి నగేష్ అద్దం వెనక నుంచి బయటికొచ్చి ఒక కాగితం ముందు పెట్టాడు. "సీరియల్ కంపెనీవోళ్లు పంపిన్రు సార్. మీ గొంతు ఇన్ని ఎపిసోడ్లు ఉంది కదా, మిషిన్ నేర్చుకుంటదంట. మిగిలింది అదే చెప్తది. మీ సంతకం కావాల్నంట. నాకైతే మనసొప్పుతలేదు."

ఆయనకీ ఒప్పలేదు. కానీ ఇంకొకడెవడో వచ్చి ఆ సీను చెప్పడం కన్నా ఇదే నయమనుకుని సంతకం పెట్టాడు.

ఆదివారం పొద్దున ఆస్పత్రికి ఆటో వచ్చి కింద నిలబడింది. ఆయన రత్నమాల పక్కన కూర్చుని ఫోను తీశాడు. ఆవిడ తల వంచి, చెవి ఇటు తిప్పి, కొత్త పెళ్లికూతురిలా ఎదురుచూసింది. ఆయన "రత్నా" అన్నాడు. అన్నాననుకున్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మూడుసార్లు ప్రయత్నించాడు.

"పెట్టేశారా?" అంది ఆవిడ. ఆయన ఫోను జేబులో పెట్టుకుని ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఆపరేషనయ్యి రెండు నెలలు. ఇప్పుడాయన మెడలో ఉన్న కన్నంలోంచి ఊపిరి పీలుస్తాడు. ఆవిడ అరచేతిలో ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. కాపరమంతా ఈ రెండు మాటల మీద నడుస్తోంది. టైపు చేస్తే చదివే యాప్ ఒకటి నగేష్ పెట్టి ఇచ్చాడు గానీ, ఆ ఆడగొంతు వినగానే "ఇదెవర్తండీ మనింట్లో, తీసెయ్యండి" అని రత్నమాల తీయించేసింది.

సీరియల్ వచ్చింది. రోజుకో ఎపిసోడ్ చొప్పున టీవీలో పెట్టాడు. మాస్టారు అన్నప్పుడల్లా ఆవిడ ముఖం విప్పారేది. పదహారో రోజు ఆ సీను వచ్చింది.

"ఇన్నేళ్లూ నన్ను భరించావు" అంది టీవీలోని ఆయన గొంతు. "నీకు ఒక్క మంచి మాట చెప్పలేదు. చెప్పడం చేతకాలేదు. నా చేతిలో ఉన్నది ఉత్త పుల్ల. పాట అంతా నీదే."

గొంతు ఆయనదే, బొంగురుతో సహా. కానీ మాటకీ మాటకీ మధ్య ఊపిరి లేదు. ఆయనైతే "చేతకాలేదు" ముందు ఒక్క క్షణం ఆగేవాడు. ముప్పై అయిదేళ్లు తనని విన్న మనిషి ఇప్పుడు పట్టేస్తుందని ఆయన భయపడ్డాడు. పట్టేయాలని కోరుకున్నాడు కూడా.

రత్నమాల కళ్లు తుడుచుకుంటోంది.

"నాలుగు మాటలంటే ఎగ్గొట్టారనుకున్నాను. మీమీద ఎంత కోపంగా ఉన్నానో తెలుసా? ఇందులో పెట్టారన్నమాట. నాకోసమే చెప్పారు కదండీ?"

ఆయన ఆవిడ అరచెయ్యి తెరిచి రెండుసార్లు తట్టాడు. చాలదనిపించి మళ్లీ రెండుసార్లు, గట్టిగా తట్టాడు.

ఆవిడ నవ్వింది. "చాల్లెండి. ఈ వయసులో కూడా సిగ్గేనా?" అని ఆయన చెయ్యి తడిమి పట్టుకుంది. "ఇంకోసారి పెట్టండి, వింటాను."

ఆయన రిమోట్ తీసుకుని మళ్లీ పెట్టాడు.