నాన్న చూశాడు, రాలేదు

మా ఆయన బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. కోడిపిల్లను కూడా తొక్కించలేదని డిపోలో గొప్పగా చెప్పుకుంటారు. ముందు బండిని దాటేయాలన్న తహతహ ఏనాడూ లేని మనిషి కాబట్టి తోటి డ్రైవర్లు ఆయనకు ‘నిదానం’ అని పేరు పెట్టారు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తాడు. ఆ నిదానానికి బహుమానంగా కంపెనీవాళ్ళు మా నలుగురికీ విదేశయాత్ర ఇచ్చారు. ఆరు రోజులు, పెద్ద నగరం, విమానం టిక్కెట్లు, హోటలు గది, అన్నీ వాళ్ళవే.

నేను బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. బడులు తెరిచే రోజులు దగ్గర పడుతున్నా, మిషను మీద గుడ్డ కప్పి బయలుదేరాను. మా పెద్దదానికి పదిహేడేళ్ళు. కాలేజీలో చదువుతోంది. రెండోదానికి ఏడు. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని దాన్ని బుడంకాయ అంటాం.

దిగిన మొదటిరోజు నుంచీ మా ఆయన పెద్దదాని భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. అది మధ్యాహ్నానికల్లా విసుక్కుంది.

“అమ్మా, నాన్న నన్ను వదలడం లేదు. నేనేమైనా పారిపోతానా?”

“కొత్త ఊరు కదే. భయం. ఉండనీ.”

నాకు లోపల ముచ్చటగానే ఉంది. పిల్ల ఎదిగిపోయాక ఈయనకు ఇప్పుడు ప్రేమ పొంగుకొచ్చిందనుకున్నాను. ఆ రోజే కాఫీ దుకాణం ముందున్న పలకను తన్నుకున్నాడు. ఒక ముసలాయన చేతికర్రకు అడ్డం పడ్డాడు. బట్టల కొట్లో పక్కకు తిరిగి, చొక్కా తొడిగి నిలబెట్టిన బొమ్మకు భుజం తగిలించి “సారీ అండీ” అన్నాడు. పిల్లలిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

రెండో రోజు మ్యూజియంకి వెళ్ళాం. లోపల మసక వెలుతురు. గాజు పెట్టెల్లో మాత్రం చిన్న చిన్న దీపాలు. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“మీరు చూసి రండి. నాకు కాళ్ళు లాగుతున్నాయి.”

“ఇంత దూరం వచ్చింది బెంచీ మీద కూర్చోడానికా?” అన్నాను.

“మీరు చూస్తే నేను చూసినట్టే.”

“నేను తింటే మీ కడుపు నిండుతుందా?”

మాటకు మాట పెరిగింది. ఆయన కదల్లేదు. మేం రెండు గంటలు తిరిగి వచ్చేసరికి, వెళ్ళేటప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

మూడో రోజు పొద్దున హోటలు భోజనాల గదిలో ఆయన మోచెయ్యి తగిలి బుడంకాయ పాలగ్లాసు బోర్లాపడింది. పాలన్నీ ఆయన ప్యాంటు మీదే. గ్లాసు బల్ల మధ్యలోనే ఉంది, నేను చూశాను. అయినా ఆయన పిల్ల మీద ఎగిరాడు.

“గ్లాసు అంచున పెడతావా? బుద్ధి ఉందా నీకు?”

బుడంకాయ మూతి వణికింది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు తలెత్తి చూశారు. మా ఆయన పిల్లల మీద అలా అరిచే మనిషి కాదు. నాకు వింతగానే అనిపించింది కానీ, ప్యాంటు తుడవడంలో పడి ఆ సంగతి వదిలేశాను.

ఆ తర్వాత నగరం నడిమధ్యనున్న పెద్ద కూడలికి వెళ్ళాం. బండ్లు తిరగని చోటు. చుట్టూ పాత మేడలు, మధ్యలో హోరుమని ఎగిసే ఫౌంటెన్ నీళ్ళు, వందలకొద్దీ మనుషులు, మనుషులకు భయపడని పావురాలు. నేనూ పెద్దదీ మరుగుదొడ్డికి వెళ్ళాలి. అక్కడ బారెడు వరస ఉంది.

“పిల్ల చెయ్యి వదలకండి” అని చెప్పి వెళ్ళాను.

ఇరవై నిమిషాల తర్వాత తిరిగి వస్తుంటే దూరం నుంచే ఆయన కనిపించాడు. కూడలి మధ్యలో బొంగరంలా తిరుగుతూ, బుడంకాయా అని గొంతు చించుకుంటున్నాడు.

“ఏదండీ?”

“మ్యాపు తీద్దామని చెయ్యి వదిలాను. అంతే. చూసేసరికి లేదు.”

“ఎటు పోయింది?”

“తెలిస్తే ఇక్కడెందుకుంటానే!”

పెద్దది ఒక పక్కకు, నేనొక పక్కకు పరిగెత్తాం. ఫోనులో పిల్ల ఫొటో కనపడిన వాళ్ళకల్లా చూపించాను. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. తలలు అడ్డంగా ఊపడం మాత్రం అన్ని చోట్లా ఒకటే. పసుపుపచ్చ కోటు వేసుకున్న పోలీసావిడ వచ్చి, ఫొటో చూసి, చేతిలోని వైర్‌లెస్‌లో ఏదో చెప్పింది. నాకు కనబడే ప్రతి పిల్లా బుడంకాయలాగే ఉంది, దగ్గరికెళితే ఎవరూ కాదు.

అరగంట గడిచాక చీపుర్ల బండి తోసుకుంటూ ఊడ్చే ఆమె ఒకతె పోలీసావిడ భుజం తట్టి వేలు చూపించింది. నీళ్ళకు అవతల రాతి మెట్లున్నాయి. కింది మెట్టు మీద, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని బుడంకాయ కూర్చుని ఉంది. మా ఆయన నిలబడిన చోటికి పదిహేను అడుగులు. అంతకు మించి లేదు.

ముందు ఒక్కటి వేశాను. తర్వాత గుండెకు హత్తుకున్నాను.

“ఎక్కడికి పోయావే?”

“ఎక్కడికీ పోలేదు. పావురాల కోసం ఇటొచ్చా.”

“నాన్న అన్నిసార్లు పిలుస్తుంటే పలకవా?”

“చెయ్యి ఊపానమ్మా. నాన్న నా వైపు చూశాడు. రెండుసార్లు చూశాడు. రాలేదు. మళ్ళీ అటు తిరిగి పరిగెత్తాడు.” అది ఎక్కిళ్ళు మింగుకుంటూ చెప్పింది. “పాలు ఒలికాయని కోపం కదా. ఊరికే అరుస్తుంటే దగ్గరికెళ్తే కొడతాడేమోనని ఇక్కడే కూర్చున్నా. నన్ను వద్దనుకున్నాడేమో అనుకున్నా.”

మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోలీసావిడ ఆయన పక్కన నిలబడి, పోనీలే, పిల్ల దొరికింది కదా అన్నట్టు నవ్వి, కరచాలనానికి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి అందుకోలేదు. సూటిగా పిల్లవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెయ్యి కాసేపు గాల్లో ఉండి, వెనక్కి వెళ్ళిపోయింది.

అది చూశాను నేను. ఒక్క కుట్టు తెగితే వరసంతా ఊడివచ్చినట్టు, బట్టల కొట్లో బొమ్మ, కాఫీ దుకాణం పలక, మ్యూజియం గుమ్మం, పాలగ్లాసు, పెద్దదాని భుజం, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

హోటలు గదికి వచ్చేసరికి నాలుగైంది. బుడంకాయ బూట్లతోనే మంచం మీద పడి నిద్రపోయింది. పెద్దది స్నానాల గదిలోకి వెళ్ళింది. నేను కుర్చీ లాగి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“నా ముక్కు చూడండి. కళ్ళు కదపకండి.”

“ఏమిటే ఈ ఆటలు?”

“చూడండి.”

చూశాడు. నా కుడిచెయ్యి ఆయన చెవి పక్కకు తీసుకెళ్ళి వేళ్ళు ఆడించాను. ఆయన రెప్ప కదల్లేదు. చెయ్యిని మెల్లగా ముందుకు తెచ్చాను. కణత దాటింది. ఇంకా తెచ్చాను. కనుబొమ్మ మధ్యకు వచ్చింది.

“ఇప్పుడు కనిపిస్తోంది” అన్నాడు. తర్వాత తల దించుకున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“రెండేళ్ళు. మొదట్లో పొద్దు వాలాకే ఇబ్బందిగా ఉండేది. తర్వాత పగలు కూడా. గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఎదురుగా ఉన్నది నీకన్నా బాగా కనిపిస్తుంది. పక్కనే ఏమీ ఉండదు.”

“డాక్టరుకు చూపించారా?”

“పోయిన ఏడాది, వానాకాలంలో.”

“ఏమన్నాడు?”

ఆయన దుప్పటి అంచు సరిచేయసాగాడు. నేను మళ్ళీ అడిగాను.

“బస్సు నడపొద్దన్నాడు.”

“మరి కంపెనీవాళ్ళ కళ్ళ పరీక్ష?”

“గోడ మీద అక్షరాలు ఎదురుగానే ఉంటాయి కదే. చిట్టచివరి వరస దాకా గడగడా చదివేశాను. సాయంత్రం డ్యూటీలు వేరేవాళ్ళకిచ్చి పగటివి తీసుకుంటున్నాను. మెడ తిప్పుకుంటూ నడుపుతాను. ఎవరైనా అడ్డం వస్తే కండక్టరు కేకేస్తాడు.”

“అతనికి తెలుసా?”

“అతను అడగలేదు, నేను చెప్పలేదు.”

ఆయన బస్సు పోయే దారిలోనే నాలుగు బడులున్నాయి. ఆ పిల్లల చొక్కాలు నేనే కుడతాను.

“మన పెద్దది రోజూ మీ బస్సులోనే కదండీ కాలేజీకి వెళ్ళేది.”

“అందుకే ఇంకా జాగ్రత్తగా ఉంటున్నాను.”

“ఇవాళ కూడా జాగ్రత్తగానే ఉన్నారు. బస్సు కూడా లేదు, నేల మీద నిలబడి ఉన్నారు. చూసుకోవాల్సింది ఒక్క పిల్లను.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

“బస్సు తీసేస్తే నేనేం మిగులుతానే?”

జాలి ఒక పక్క, కోపం ఒక పక్క నన్ను చెరో చెయ్యీ పట్టి లాగుతున్నాయి.

“డిపోకి ఫోన్ చేయండి.”

“ఇంటికెళ్ళాక చేస్తాను.”

“చేయరు. సోమవారం పొద్దున ఖాకీ చొక్కా వేసుకుని బయలుదేరతారు. మీ సంగతి నాకు తెలీదా?”

“ప్రమాదాలు లేవని బహుమానం ఇచ్చారు. ఆ బహుమానం గదిలోనే కూర్చుని, నేను గుడ్డివాణ్ణని చెప్పమంటావా?”

“అవును.”

స్నానాల గది తలుపు ఎప్పుడు తెరుచుకుందో మేం చూసుకోలేదు. పెద్దది తడి జుట్టుతో, తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“నాన్నా, ఇది వంశంలో వచ్చే జబ్బా?”

ఆయన తడబడ్డాడు. “డాక్టరూ అదే అడిగాడు. మీ తాతయ్య పొద్దు వాలితే గోడ పట్టుకుని నడిచేవాడు. రేచీకటి అనుకున్నాం.”

“అయితే నాకూ వస్తుందా?”

“తెలీదమ్మా. పిల్లలకు పరీక్ష చేయించమన్నాడు.”

“ఎప్పుడన్నాడు?”

“అప్పుడే.”

“అంటే ఏడాది నుంచి నీకు తెలుసు.” దాని గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. “చెల్లికీ నాకూ పరీక్ష చేయించాలని తెలిసి, ఏడాది ఊరుకున్నావు.”

“మీకూ ఉందని చెబితే తట్టుకోలేనని భయమేసిందమ్మా” అన్నాడు. పెద్దది వినిపించుకోలేదు. మాకు వీపు చూపించి తల దువ్వుకోసాగింది. దువ్వెన చిక్కుల్లో పడి వెంట్రుకలు తెగుతున్నా ఆపలేదు.

నా మాటలకు కదలని మనిషి అప్పుడు కదిలాడు. ఫోను తీశాడు. డిపో మేనేజరు గొంతు హుషారుగా వినబడింది.

“ఏం నిదానం! ఎలా ఉందయ్యా విదేశం?”

“బాగుంది సార్. సార్, సోమవారం నాకు డ్యూటీ వేయకండి.”

“ఇంకో రెండు రోజులు సెలవు కావాలా? అడగాలా నువ్వు? తీసుకో.”

తప్పించుకునే తలుపు దానంతట అదే తెరుచుకుంది. మా ఆయన నా వైపు చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“సెలవు కాదు సార్. నాకు పక్క చూపు లేదు. రెండేళ్ళయింది.”

“మళ్ళీ చెప్పు” అన్నాడు మేనేజరు. మా ఆయన అదే మాట మళ్ళీ చెప్పాడు.

“రెండేళ్ళా? రోజూ అంతమందిని ఎక్కించుకుని?” అన్నాడాయన. ఫోను కట్ అయింది.

మిగిలిన రోజులు కూడా ఊరు చూశాం. గదిలో కూర్చుని ఏం చేస్తాం? పెద్దది వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. ఆయన నాతో మాట్లాడలేదు. బుడంకాయ ఒక్కతే ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది. నది ఒడ్డున ఆయన వంగి దానితో చెప్పడం విన్నాను.

“ఆ రోజు పాలు నువ్వు ఒలకలేదే. నేనే పడేశాను. గ్లాసు నాకు కనబడలేదు.”

“పక్కనే ఉంది కదా నాన్నా.”

“పక్కనుంటే కనబడదు. నువ్వు చెయ్యి ఊపావే, అదీ కనబడలేదు.”

అది కాసేపు ఆలోచించింది. ఆయన ముందుకొచ్చి నిలబడింది. “ఇప్పుడు?”

“ఇప్పుడు బాగా కనబడుతున్నావు.”

ఇక ఆ రోజంతా అది ఆయన ఎదురుగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. రెండుసార్లు వేరే వాళ్ళ మీద పడ్డాక నేను కేకలేసి మాన్పించాను.

ఊరికి వచ్చాక విచారణ జరిగింది. కంపెనీ డాక్టరు చూసి, ఇక స్టీరింగు ముట్టుకోకూడదని రాశాడు. పాత సర్వీసు చూసి ఉద్యోగం మాత్రం ఉంచారు. ఇప్పుడు డిపో విచారణ కిటికీ దగ్గర కూర్చుని మైకులో బస్సుల నంబర్లు చెబుతాడు. కండక్టరు మా ఇంటికి వచ్చాడు. కోప్పడదామని వచ్చి, కోప్పడి, చివరికి వెక్కి వెక్కి ఏడ్చి వెళ్ళాడు. పెద్దదానికి పరీక్షలు చేయించాం. ఏమీ లేదన్నారు. రెండోది చిన్నపిల్ల, ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఏటా తీసుకురండి అన్నారు. పెద్దది రెండు నెలల పాటు తండ్రితో ముక్తసరిగానే ఉంది. ఒకరోజు తనంతట తానే వచ్చి ఆయన కళ్ళలో చుక్కల మందు వేసింది. నేను ఏమీ ఎరగనట్టు మిషను తొక్కుతూ కూర్చున్నాను.

మొన్న బుడంకాయను మళ్ళీ కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళడానికి ముగ్గురం బస్సెక్కాం. ఆయన పాత బస్సే. కొత్త డ్రైవరు కుర్రాడు నమస్కారం పెట్టి, తన వెనక సీటు చూపించాడు. మార్కెట్ మలుపులో ఒక సైకిలు అడ్డం వచ్చింది. డ్రైవరుకన్నా ముందే మా ఆయన కుడికాలు నేలను బలంగా తొక్కింది. బస్సు ఆగింది. ఆయన కాలు మాత్రం తర్వాతి స్టాపు వచ్చేదాకా అక్కడే బిగుసుకుని ఉంది. బుడంకాయ కిటికీలోంచి కనబడే దుకాణాల పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చదువుతోంది. అది ఎంత దూరంలో ఉన్నది చదవగలుగుతోందో, పక్కన ఉన్నది చూడగలుగుతోందో లేదో అని నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.