జ్యూసు కొట్టువారి పాప

మా తమ్ముడికి జ్యూసు కొట్టుంది. దాని పక్క గదిలో నా కుట్టుమిషను. మధ్య ఒక్క గోడే. అవతల మిక్సీ తిరిగినంతసేపూ ఇవతల నా బల్లమీది దారపు ఉండలు దొర్లుతూనే ఉంటాయి. మేడమీద తమ్ముడూ మరదలూ కాపురం, వాళ్ళతో అమ్మ. నాకు ముక్కుమీద కోపమని ముగ్గురూ ఏకగ్రీవంగా అంటారు. ఆ ముగ్గురితో వేగితే ఎవరికైనా వస్తుంది.

తమ్ముడి కూతురికి ఏడాదిన్నర. పేరు ఎంత పెద్దది పెట్టుకున్నా నేను పిలిచేది బుడంకాయ అనే. మొన్న దానికి కొత్త గౌను కుడదామని టేపు చుట్టాను. పోయినసారి కొలతే వచ్చింది. పొరపాటేమోనని మళ్ళీ చుట్టాను. అంతే. పైగా ఒంటిమీది పాత గౌను భుజాలమీంచి జారుతోంది. ఎదిగే పిల్లకి పాత గౌను బిగుతవ్వాలి గానీ వదులవ్వడమేమిటి? పెదవులు కూడా పాలిపోయి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

“దీనికి తిండి పెడుతున్నారా లేదా?” అని మెట్ల కిందనించే అరిచాను.

“తింటేగా వదినా! ముద్ద కనబడితే చాలు, మూతి తిప్పేసుకుంటుంది,” అంది మరదలు పైనించి.

అందరం కట్టగట్టుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రక్తం పరీక్ష చేయించి, కాగితం చూసి, “రక్తం బాగా తక్కువుంది. రోజంతా ఏమేం తాగుతుంది?” అని అడిగింది.

తమ్ముడు ఛాతీ విరుచుకున్నాడు. “స్వచ్ఛమైన పళ్ళరసమండీ! చుక్క నీళ్ళు కలపను, పలుకు పంచదార వెయ్యను. ప్రతి జారు అడుగునా కాస్త మిగులుతుంది కదా, అదంతా సిప్పర్లో పోసుంచి మధ్యాహ్నం పైకి తీసుకెళ్తాను. సాయంత్రందాకా చప్పరిస్తూనే ఉంటుంది.”

“ఆ సిప్పర్లో ఉన్నది జ్యూసా?” మరదలు గిరుక్కున తిరిగింది. “మంచినీళ్ళనుకున్నా కదండీ! నేను బలానికని పూటపూటా డబ్బాపొడి కలిపి తాగిస్తున్నా!”

“నువ్వు పొడి తాగిస్తున్నావుటే?” అంది అమ్మ. “ఏమీ తినడంలేదు, కడుపు మాడిపోతుందని నేనేమో సీసాలకి సీసాలు పాలు పడుతుంటిని!”

ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లని బతికిస్తున్నది తామొక్కరేనని ఎవరికివారు మురిసిపోయారన్నమాట. నాకు ఒకపక్క నవ్వు, ఇంకోపక్క ఒళ్ళుమంట.

డాక్టరమ్మ పాప పిడికిలి పైకెత్తి చూపించింది. “పొట్ట సుమారుగా ఇంతుంటుంది. నిండా పోసేశాక ఇంక ఆకలెక్కడిది? పాలు మంచివే. మితిమీరితే మాత్రం తిండికి చోటుండదు, రక్తమూ పట్టదు. భోజనంతోపాటు కప్పుతో కాసిని పాలివ్వండి, దాహానికి మంచినీళ్ళివ్వండి. పొడులొద్దు, సీసా మానిపించండి. రక్తం పట్టడానికి ఈ మందుచుక్కలు రోజూ వెయ్యండి. అప్పటికీ తినక, రక్తం ఇంకా పడిపోతే ఆస్పత్రిలో చేర్చాల్సిందే.”

“పళ్ళరసం కూడా వద్దాండీ?” తమ్ముడి గొంతు పీలగా వచ్చింది.

“పీచంతా వడగట్టేస్తే మిగిలేది తీపేగా? ఏడాదిలోపు అసలే వద్దు, ఈ వయసులోనూ దాని అవసరం లేదు. పండే చిదిమి పెట్టండి.”

కొట్టు తెరిచిన నాటినించీ వాడు జ్యూసు గురించి మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం నేనెరగను.

ఇంటికి రాగానే అమ్మ సీసాని అటకెక్కించింది, మరదలు డబ్బా పారేసింది. మర్నాడు మధ్యాహ్నం నేను పైకి వెళ్తుంటే మెట్ల మలుపులో తమ్ముడు, వాడి ఒళ్ళో బుడంకాయ, దాని నోట్లో సిప్పరు. లాక్కుని మూత తీసి చూశాను. లేత పసుపు.

“ఇవేం నీళ్ళురా? వీటికేమన్నా పచ్చకామెర్లొచ్చాయా?”

“రసం ఒక్క చుక్కే వేశానక్కా,” అన్నాడు తేలుకుట్టిన దొంగలా.

“ఆవిడ అంతసేపు చెప్పింది గోడకా, నీకా? పిల్లని ఆస్పత్రి పాలు చేస్తావా?” ఒంటికాలిమీద లేచాను.

వాడు తలెత్తలేదు. “పొద్దున్న ఇది లేవకముందే కొట్టు తీస్తాను. రాత్రి ఇది పడుకున్నాక కట్టేస్తాను. నన్ను చూసేది ఈ ఒక్క పూటే. చూడగానే పరిగెత్తుకొస్తుంది. నాకోసమా? ఈ సిప్పరుకోసం. ఇది లేకుండా వెళ్తే నా దగ్గరికి ఎందుకొస్తుందక్కా?”

చంకనేసుకుని పెంచాను వీణ్ణి. అయినా చెప్పాల్సింది చెప్పక తప్పదు.

“రాకపోతే రాదు. పిల్ల తినాలిరా, నాయనా. ముందు అది తినాలి.”

సిప్పరు కిందికి తెచ్చేశాను. బుడంకాయ గుక్కపట్టి ఏడ్చింది. వాడు భోజనం ముట్టకుండానే కొట్లోకి పోయాడు. ఆ పూట మిక్సీ చప్పుడు కూడా పెద్దగా వినబడలేదు.

ఆ మర్నాడు వాడు మెట్లెక్కుతుంటే వెనకే వెళ్ళాను. ప్రేమతో కాదు, నమ్మకంలేక. చేతులు ఖాళీ. గుమ్మంలోనే ఆగిపోయాడు, సొంత ఇంట్లోకి అడుగుపెట్టడానికి ధైర్యం చాలక.

బుడంకాయ పరిగెత్తుకొచ్చింది. వాడి కుడిచెయ్యి విప్పి చూసింది. ఎడమచెయ్యి విప్పింది. చొక్కా జేబు అందక నిక్కి నిక్కి, ఎత్తుకోమని గోలచేసి, అందులోనూ వెతికింది. ఏమీ లేదు. మూతి ముడుచుకుంది. ఇక దిగిపోతుంది, అయిపోయింది అనుకున్నాను. వాడి మొహం చూడలేక గోడకేసి తిరిగాను.

దిగనైతే దిగింది. దిగి, వాడి చూపుడువేలు పట్టుకుని లోపలికి లాగింది. లాక్కెళ్ళి వాడికి వడ్డించిన కంచం ముందు కూర్చోబెట్టింది. తను వాడి ఒళ్ళోకెక్కి, వీపు వాడి పొట్టకానించి, కంచంవైపు చూపిస్తూ నోరు తెరిచింది.

వాడు అన్నం కలిపాడు. ఒక ముద్ద పెట్టాడు. మింగేసింది. రెండోది కలిపేదాకా ఆగలేక వాడి వేళ్ళే కొరికింది.

“అబ్బా!” అన్నాడు వాడు, కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ. “అక్కా, దీనికి ఆకలేస్తోందే!”

కిందనించి ఎవరో కమలా జ్యూసు కావాలని ఒకటే కేకలు. వాడు లేవబోయాడు. భుజం నొక్కి కూర్చోబెట్టి, నేనే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

“ఆగండి! మావాడు కూతురికి అన్నం పెట్టుకుంటున్నాడు!”