సూదమ్మ రక్తం

సూదమ్మ ఆ రోజు చేతిసంచిలో రాజీనామా ఉత్తరం పెట్టుకుని ల్యాబుకి బయల్దేరింది. పదకొండింటికి డాక్టరమ్మ రాగానే చేతికిచ్చేసి, మారుమాట లేకుండా ఇంటికి వచ్చేయాలని బస్సులో కూర్చున్నంతసేపూ అనుకుంది. కూర్చున్నంతసేపూ అంటే ఎంతసేపని! మూడో స్టాపు దాటేసరికే కునుకు పట్టేసింది. "దిగాలమ్మా, దిగాలి" అని కండక్టరు సీటు కమ్మీ మీద తట్టి లేపాడు. రాత్రంతా పడుకుని లేచిన మనిషికి పొద్దున్న ఏడున్నరకి ఈ నిద్రేమిటో!

ఆమెకి నలభై నాలుగేళ్ళు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ రక్తపరీక్షల ల్యాబులో సూది పట్టిన చెయ్యి. చంటిపిల్లలకైనా, నరం దొరకని ముసలాళ్ళకైనా ఒక్క పోటుతో పని కానిచ్చేస్తుంది. "అదేంటి, అయిపోయిందా? ఇంకా గుచ్చలేదనుకున్నా" అని ఎవరైనా అన్నారంటే ఇక ఆ పూట ఆమె కాలు నేలమీద నిలవదు.

అలాంటి మనిషి ఏడాదిగా కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతోంది. ల్యాబు మేడ మీద ఉంది. ఉన్నవి పద్నాలుగంటే పద్నాలుగు మెట్లు. ఏడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి గుండె దడదడలాడుతుంది. అక్కడ ఆగి, సంచిలోంచి ఫోను తీసి, ఏదో చూస్తున్నట్టు నటిస్తుంది. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. దడ తగ్గాక ఫోను లోపల పెట్టి మిగతా ఏడూ ఎక్కుతుంది.

ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. "ఆ ఫోను చూసిచూసి కళ్ళల్లో సత్తువ పోయింది" అని అత్తగారు తేల్చేసింది. "థైరాయిడే వదినా, మా ఆఫీసులో సగంమందికి అదే" అని ఆడపడుచు ఫోనులో చెప్పింది. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే భర్త మంచివాడే. "పోనీ నాలుగు రోజులు సెలవు పెట్టకూడదూ?" అన్నాడు. సెలవు పెట్టింది కూడా. ఆ నాలుగు రోజుల్లో ఇంటి పని రెట్టింపయి, ఐదో రోజున సగం ప్రాణంతో ల్యాబుకి వచ్చిపడింది. తన మటుకు తను వయసే అనుకుంది. వయసు మీద పడుతోంది, అందరికీ ఇంతే, నేనే ఒళ్ళు వంచలేకపోతున్నాను అనుకుంది. ఎవరైనా బద్ధకం అంటే పడి ఉండేది కాదు గానీ, ఆ మాట తనని తనే రోజుకి పదిసార్లు అనుకునేది.

అక్కడితో అయినా ఉత్తరం దాకా వచ్చేది కాదు. పోయిన వారం రెండు ట్యూబుల మీద పేర్లు తారుమారుగా అంటించింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. రిపోర్టులు టైపు చేసే మాస్టారు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆయన ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఇప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్ లేదు, టైపూ లేదు. కంప్యూటరు మీటలనే పాత మిషను కొట్టినట్టు టకటకలాడిస్తాడు. ఆ రోజు చటుక్కున చేతులాపి, "ఇదేంటమ్మాయ్, తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత షుగరేంటి?" అన్నాడు. సూదమ్మ గుండె గుభేలుమంది. ఆ పిల్ల రిపోర్టు ఎవరో ముసలాయన చేతికి, ఆయనది ఆ పిల్ల తల్లి చేతికి వెళ్ళి ఉంటే? ఇంటికెళ్ళి ఏడ్చింది. ఎవరి ప్రాణం మీదికైనా తేకముందే మానేయడం మర్యాద అనుకుని, తెల్లారి ఉత్తరం రాసింది. సూది పట్టకుండా తను బతికేదెలాగో మాత్రం ఆమెకి తోచలేదు.

సరే, ఆ రోజు సంగతికి వద్దాం. రక్తం పరీక్షించే మెషీన్‌లో పోసే మందు పొద్దున్నే అయిపోతే కొత్త డబ్బా తగిలించారు. డబ్బా మార్చాక మెషీన్ సరిగ్గా చూపిస్తోందో లేదో తెలియాలంటే, అంకె ముందే తెలిసిన రక్తం ఒకటి పెట్టి చూడాలి. అందుకని కంపెనీ చిన్న సీసా ఒకటి ఇస్తుంది. దాని గడువు నిన్నటితో తీరింది. కొత్తది మధ్యాహ్నంలోపు మెకానిక్కు తెస్తానన్నాడు. బయట బెంచీల మీద జనం ఉన్నారు.

"నీ రక్తం ఉండగా సీసా ఎందుకమ్మాయ్" అన్నాడు మాస్టారు. "పన్నెండున్నర! గోడ గడియారమైనా తప్పుతుందేమో గానీ అది తప్పదు."

నిజమే. ఆ ల్యాబులో అదొక ఆనవాయితీ. సూదమ్మ హిమోగ్లోబిన్ ఎప్పుడు చూసినా పన్నెండున్నర. రెండేళ్ళ కిందట రెండో టెక్నీషియను వచ్చాక, కుర్రదని ఆ అమ్మాయి రక్తమే వాడడం మొదలుపెట్టారు. ఇవాళ ఆ అమ్మాయి సెలవు. సూదమ్మ రబ్బరు పట్టీ కొసని పళ్ళతో లాగి పట్టుకుని, ఎడమచేతి నరంలోంచి తనే రక్తం తీసుకుంది. ట్యూబు కిందా మీదా చేసి మెషీన్‌కి అందించింది.

ఆరు పాయింటు నాలుగు.

"చచ్చాం పో, మెషీన్ పోయింది" అంది సూదమ్మ.

మళ్ళీ పెట్టింది. ఆరు పాయింటు మూడు. గొట్టాలు కడిగించి మళ్ళీ పెట్టింది. ఆరు పాయింటు నాలుగు. ఈ చేతిది కాదని కుడిచేతి వేలు గుచ్చి ఆ చుక్క పెట్టింది. ఆ మొండి మెషీన్ ససేమిరా పన్నెండు అననంది. "తప్పు చూపించే మెషీన్‌లో పేషెంట్ల రక్తం పెట్టడానికి వీల్లేదు, ఎవరేమన్నా సరే" అని బయటికెళ్ళి, రక్తం తీస్తాను గానీ రిపోర్టులు ఆలస్యమవుతాయని జనాన్ని బతిమాలుకుంది. మెకానిక్కుకి ఫోను చేసి పెట్టాల్సిన నాలుగూ పెట్టింది. మెషీన్ చెడిపోయిందే తప్ప తన రక్తం మారిందన్న ఊహే ఆమెకి గాని, మాస్టారికి గాని రాలేదు. పద్దెనిమిదేళ్ళ నమ్మకం మరి!

మెకానిక్కు ఆయాసపడుతూ వచ్చాడు. మూత విప్పాడు, తుడిచాడు, కొత్త సీసా పెట్టి చూశాడు. సీసా మీద ఎంత రాసి ఉందో, మెషీన్ అంతే చూపించింది. మూడుసార్లు చూసినా అంతే.

"మెషీన్ లక్షణంగా ఉందమ్మా" అన్నాడు స్క్రూలు బిగిస్తూ. "దాన్ని అనవసరంగా తిట్టారు. ఇందాకటి రక్తం ఎవరిదో గానీ, ముందు వాళ్ళ సంగతి చూడండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సూదమ్మ తన చేతులకేసి చూసుకుంది. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. రోజూ ఎదుటివాళ్ళ గోళ్ళు చూసే మనిషి, తనవి ఎప్పుడూ చూసుకోలేదు.

డాక్టరమ్మ వచ్చీరాగానే మాస్టారు చెప్పింది విని, సూదమ్మ కింది రెప్ప లాగి చూసింది. తలుపు దగ్గరికి వేసి, నెలసరి గురించి అడిగింది.

"పదకొండు రోజులుంటోందండీ. ఒక్కోసారి పన్నెండు. గడ్డలు గడ్డలుగా..." అంది సూదమ్మ. "ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుంది కదండీ. అందరికీ అంతే కదా."

"కొందరికి ఎక్కువవుతుంది, నిజమే. ఎక్కువైతే అలా వదిలేయమని నీకెవరు చెప్పారే?" డాక్టరమ్మకి కోపం వస్తే 'ఏమే' అంటుంది. "గర్భసంచిలో గడ్డలుండొచ్చు. థైరాయిడూ తోడయ్యి ఉండొచ్చు. ఇంకేదైనా కావచ్చు, చూస్తే గానీ తెలీదు. అలసట అనగానే వయసు అనేసుకుంటే ఎలా? ఇంత రక్తం తక్కువైన మనిషి మెట్లెక్కి వస్తోందంటేనే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఇవాళే ఆసుపత్రికి వెళ్ళు, ఉత్తరం రాసిస్తాను. రక్తం ఎక్కించాల్సి రావచ్చు."

"అయితే ఇది బద్ధకం కాదాండీ?" అని అడిగింది సూదమ్మ. ఆ మాటకి డాక్టరమ్మ కోపం ఎటుపోయిందో, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

బయటికి వచ్చి సూదమ్మ ఏం చేసిందనుకున్నారు? తిన్నగా వెళ్ళి తన కుర్చీలో కూర్చుని ట్యూబులు సర్దుకోసాగింది. పద్దెనిమిది మంది రక్తం. మాస్టారు ఆమె వైపు చూశాడు. గోడ మీద అంటించిన కాగితం వైపు చూశాడు. అది సూదమ్మ చేతిరాతే: 'ఏడుకి తక్కువ వస్తే రిపోర్టు కోసం ఆగకూడదు. పేషెంటుకి వెంటనే ఫోను చెయ్యాలి.' ఆ ఫోన్లన్నీ ఆమే చేసేది. అవతల ఆడవాళ్ళు రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం అని నసుగుతుంటే గదమాయించేది కూడా.

మాస్టారు ఫోను తీశాడు. సూదమ్మ చేతిసంచిలో ఫోను మోగింది. తడుముతుంటే ముందు రాజీనామా ఉత్తరం చేతికి తగిలింది, దాని కిందనుంచి ఫోను తీసింది. తలెత్తి చూస్తే, పదడుగుల దూరంలో మాస్టారు కంప్యూటరు వైపు తిరిగి కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు.

"ల్యాబు నుంచి మాట్లాడుతున్నామమ్మా" అన్నాడు. "మీ రక్తం రిపోర్టు వచ్చింది. భయపడకండి. కానీ ఇవాళే డాక్టరుని కలవాలి. రేపనకండి."

అక్షరం పొల్లుపోకుండా అది సూదమ్మ చెప్పే మాటే.

"పద్దెనిమిది ట్యూబులున్నాయండీ" అంది ఫోనులోనే. "ఇవి అయిపోయాక, రేపు పొద్దున్నే వస్తే కుదరదాండీ?"

"కుదరదమ్మా. పని ఎక్కడికీ పోదు. ముందు మీరుండాలి."

అదీ ఆమె మాటే. లోపలినుంచి డాక్టరమ్మ వచ్చి, చేతులకి తొడుగులు వేసుకుని, ట్యూబుల పెట్టెని తన వైపు లాక్కుంది.

సూదమ్మ లేచింది. రాజీనామా ఉత్తరాన్ని తప్పు రిపోర్టులు పడేసే బుట్టలో వేసింది. కిందికి దిగుతుంటే ఏడో మెట్టు దగ్గర అలవాటుగా దడ వచ్చింది. అలవాటుగానే చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఈసారి ఫోను ఊరికే చూడలేదు. భర్తకి చేసి, "నాకు ఒంట్లో బాగాలేదు, వచ్చి తీసుకెళ్ళండి" అంది. చెప్పి, వచ్చేపోయేవాళ్ళు పక్కనుంచి వెళ్తుంటే, ఆయన వచ్చేదాకా ఆ మెట్టు మీదే కూర్చుంది.