రాత్రిళ్ళు ఖాళీగా ఉన్న మంచం

నేను ఒక ఆసుపత్రి మంచాన్ని. నన్ను తయారుచేసినవాడు తప్ప కోరి నా మీద పడుకున్నవాళ్ళు ఎవరూ లేరు. పడుకున్న ప్రతివాడూ ఎప్పుడు లేచి పోదామా అనే చూశాడు. దానికి నేనేమీ బాధపడను. మనిషి నా మీద నుంచి లేచి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళిపోతే నా పని సరిగ్గా జరిగినట్టు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మస్తాన్ అనే వెల్డరు పైపులు కోసి, వంచి, నిప్పురవ్వల మధ్య నన్ను నిలబెట్టాడు. ఇనుము చల్లారగానే తానే నా మీద పడుకుని అటూ ఇటూ దొర్లి చూసి, "పర్లేదు, ఏనుగెక్కినా ఆగుద్ది" అన్నాడు. టెండరు ప్రకారం నాకు మూడు పూతల రంగు వెయ్యాలట. ఒక పూత వేశారు. మిగతా రెండూ ఎవరింటి గేటుకి వేశారో నాకు తెలియదు.

అక్కణ్ణించి సర్కారు ఆసుపత్రికి వచ్చాను. మగవాళ్ళ సర్జరీ వార్డులో కిటికీ పక్కన వేశారు. మనుషుల గురించి నాకు తెలిసిందంతా అక్కడే తెలిసింది. నొప్పిగా ఉన్నప్పుడు మనిషి చాలా మంచివాడు. బీడీ మానేస్తానంటాడు, తమ్ముడితో గొడవ పెట్టుకోనంటాడు, కొండకు నడిచి వస్తానంటాడు. కుట్లు విప్పిన రోజు ఆసుపత్రి గేటు దాటకుండానే అగ్గిపెట్టె ఎవరి దగ్గరుందని అడుగుతాడు. అలాంటివాళ్ళు ఎంతోమంది వచ్చి వెళ్ళారు. ఎవరి పేరూ గుర్తులేదు. పైడిరాజు పేరు మాత్రం గుర్తుంది, ఎందుకంటే అతను వెళ్ళిన ప్రతిసారీ తిరిగి వచ్చాడు.

పైడిరాజుది విజయనగరం వైపు పల్లె. మూటలు మోసే పనికి విజయవాడ వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. నడుం పట్టేసి మూటలు మోయలేని రోజు వచ్చాక గదికి అద్దె కట్టలేక ఫుట్‌పాత్‌ మీదికి చేరాడు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాడు. చక్కెర జబ్బు. ఆ జబ్బు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది. కాల్లో మేకు దిగిన సంగతి అతనికి తెలియలేదు. వాసన వచ్చాక పక్కవాళ్ళు చెబితే తెలిసింది.

మొదటిసారి ఒక వేలు తీశారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఖర్చు భరించింది. పంపేటప్పుడు పెద్ద డాక్టరుగారు శ్రద్ధగా చెప్పారు. "ఇంటికెళ్ళాక కాలు తడవనీయకు. ఎత్తు మీద పెట్టుకుని పడుకో. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకో."

"అలాగే బాబూ" అన్నాడు పైడిరాజు.

ఏ ఇంటికి వెళ్తావని ఆయన అడగలేదు, ఇతనూ చెప్పలేదు. అంత ఓపిగ్గా చెబుతున్న మనిషి మాటకు అడ్డు వెళ్ళడం మర్యాద కాదనుకున్నాడు.

వానాకాలంలో మళ్ళీ వచ్చాడు. ఇంకో రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత ఎండాకాలంలోనూ వచ్చాడు. సలోమి సిస్టరుకు నోరు ఊరుకోదు. స్ట్రెచరు తలుపు దగ్గరికి రాగానే అరిచేది.

"అల్లుడుగారొచ్చారమ్మా! ఆ కిటికీ పక్క మంచం దులపండి. ఆయనకి అదైతేనే నిద్ర పట్టుద్ది."

"నానేటి సెయ్యనమ్మా? మీ ఇంటి కూడు మరిగీసినాను" అనేవాడు పైడిరాజు. వార్డంతా నవ్వేది. సలోమి సిస్టరు నవ్వుతూనే కట్టు విప్పేది. విప్పాక నవ్వేది కాదు.

మూడోసారి వచ్చినప్పుడు డాక్టరుగారు మోకాలి కింద తీసేయాల్సి వస్తుందేమో అన్నారు. ప్రస్తుతానికి శుభ్రం చేసి చూద్దాం, మళ్ళీ చెడితే మాత్రం ఇక కాలు ఉండదన్నారు.

ఆ మాట విన్నది రత్నమణి. ఆసుపత్రిలో బీమా బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. చదువుకున్నాం కదా, చేతనైన మేలు చెయ్యాలి కదా అని నిజంగానే నమ్మేది. డాక్టరుగారి వెనకాలే నా దాకా వచ్చి నిలబడింది.

"సార్, ఈయన్ని మళ్ళీ అక్కడికే పంపిస్తే మళ్ళీ ఇలాగే వస్తాడు సార్. ఆపరేషనుకిచ్చే బీమా డబ్బు కొంత గది అద్దెకి ఇవ్వకూడదా?"

"వేలు తీస్తే ప్యాకేజీ ఉంది, కాలు తీస్తే ఉంది. అద్దెకి ప్యాకేజీ లేదమ్మా."

"మందులకి ఇస్తారు కదా సార్. ఈయనకి కావలసిన మందు అదే."

డాక్టరుగారు ఆమె వంక చూశారు. కోప్పడతారనుకున్నాను. "రాసి తీసుకురా, సంతకం పెడతాను" అన్నారు.

ఆయన వెళ్ళాక సలోమి సిస్టరు రత్నమణి భుజం మీద తట్టింది. "అల్లుడి చేత వేరు కాపురం పెట్టిస్తున్నావా ఏంటే?"

బీమా ఆఫీసువాళ్ళు చాలా కాలం నానబెట్టి, చివరికి సరేనన్నారు. ఇలా పదేపదే ఆసుపత్రికి తిరిగొచ్చే నిరాశ్రయుల్లో కొద్దిమందికి ఆరు నెలలు గది అద్దె, మందులు ఇచ్చి చూస్తారు. పుండ్లు మానితే పథకం కొనసాగుతుంది, ఇంకా కొంతమందిని చేరుస్తారు. మానకపోతే అక్కడితో సరి. ముందుగా పైడిరాజు.

అప్పటికి నా పనీ అయిపోయింది. తల వైపు పైకి లేచే కొత్త మంచాలు వచ్చాయి. నన్ను పనికిరాని సామాన్ల లెక్కలో చేర్చి వంటశాల వెనక పడేశారు. బీమా డబ్బులో మంచానికి వీల్లేదన్నారు కాబట్టి రత్నమణి పైవాళ్ళను బతిమాలి నన్ను ఇప్పించుకుంది. ట్రాలీ ఆటో మీద చిట్టినగర్‌లో జానీబేగం గారి ఇంటి వెనక అద్దె గదికి చేరాను. పైడిరాజు నన్ను చూసి పోల్చుకున్నాడు. "ఓర్నీ, నువ్వూ వచ్చీసినావా?" అని నా పైపు మీద చెయ్యి వేశాడు.

జానీబేగం గారిది కటువు మాట, మెత్తని చెయ్యి. ఇన్సులిన్ సీసా తన ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన పెట్టి, "గుడ్లు తీస్తూ పొరపాటున ఇది అట్టులో కొట్టానంటే నన్నడక్కు అన్నా" అంది.

ఇక్కడినుంచి నాకు అర్థం కాని రోజులు మొదలయ్యాయి. పైడిరాజు తెల్లవారాక వచ్చేవాడు. సూది వేసుకుని, కాలు తుడుచుకుని, నేల మీద కూర్చుని నాకు వీపు ఆనించి పగలంతా గడిపేవాడు. పొద్దు గూకగానే తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేవాడు. నా మీద అతని సంచి ఒక్కటే పడుకునేది. ఆసుపత్రిలో ఎన్నో రాత్రులు నా మీద మనిషి మూలుగుతుంటే విన్నాను. మనిషే లేని రాత్రి ఎలా ఉంటుందో ఈ గదిలో చూశాను.

పుండు మానలేదు. కట్టు రోజూ మురిగ్గానే ఉండేది. నెల తిరిగేసరికి జానీబేగం గారు రత్నమణిని పిలిపించింది.

"మీ మనిషి రాత్రిళ్ళు ఉండట్లేదమ్మా. సర్కారు నా గది ఈ సంచికి అద్దెకి తీసుకుందా?"

రత్నమణి వచ్చేసరికి పైడిరాజు నేల మీద ఉన్నాడు. ఆమె నా మీద కూర్చుంది.

"ఎక్కడికెళ్తున్నావు బాబాయ్‌ రాత్రిపూట?"

"నా సోటుకి."

"ఏ చోటు?"

"టేసను పక్కన పార్సిలాఫీసు గోడ నేదూ? దాని కింద. పైన రేకు వుంతాది. లైటు వుంతాది. పంపు దగ్గర. అక్కడ వాచ్‌మేను లెగ్గొట్టడు. ఆ సోటు దొరకడానికి నాకెన్నేళ్ళు పట్టిందో తెలుసా తల్లీ?"

"గది ఉండగా ఫుట్‌పాత్‌ ఎందుకు బాబాయ్‌? కాలు పోతుంది."

"రెండు రేత్రులు నాను కనపడకపోతే మూడో రేత్రికి ఇంకొకడు దుప్పటి పరిసీసుకుంతాడు. ఆణ్ణి లెగమనడానికి నాకేటి అక్కుంది? రేపు మీరు గది ఒగ్గీమంతే నానెక్కడికి పోవాల?"

"అలా ఎవరూ అనరు."

"ఎన్నాళ్ళు అనరు?"

రత్నమణికి అబద్ధం రాదు. "ఆరు నెలలకి ఇచ్చారు. తర్వాత చూడాలి" అంది.

"మరేటి!" అన్నాడు పైడిరాజు. గెలిచినట్టు అనలేదు. తనకు ముందే తెలిసిన మాట ఇంకొకరి నోట విన్నట్టు అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. జబ్బు చేస్తే ఎలా అని సర్కారు అతనికి బీమా ఇచ్చింది. సర్కారు మాట తప్పితే ఎలా అని అతను తనకు తాను ఒక బీమా చేసుకున్నాడు. ఆ బీమాకు రోజూ రాత్రి తన కాలితోనే కడుతున్నాడు.

"అయితే నేను చెప్పేది కూడా విను బాబాయ్‌. పైనుంచి ఆఫీసరుగారు చూడ్డానికి వస్తారు. పుండు ఇలాగే ఉంటే డాక్టరుగారు కాలు తీసేస్తారు. నీ తర్వాత గదులు ఇవ్వాల్సినవాళ్ళకి కూడా ఆగిపోతాయి. నీ చోటు పోకూడదనే నేనూ అంటాను. కానీ నాకు వేరే దారి తెలియట్లేదు."

అతను పొద్దు గూకగానే లేచి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు ఒకరోజు పొద్దున వచ్చాడు గానీ సాయంత్రం లేవలేదు. జానీబేగం గారు ఇన్సులిన్ ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటన్నా, ఇవాళ డ్యూటీకి వెళ్ళలేదా?"

"సోటు పోయింది బీబమ్మా."

"ఎవడు లాక్కున్నాడు?"

"ఎవడూ లాక్కోనేదు. ఒక తల్లీ, ఎదిగిన పిల్లా. ఎక్కడినించో రైలు దిగీసినారు. ఆ గోడ పొడుగునా లైటు కింద సోటు అదొక్కటే. పిల్లని సీకట్లో ఎలాగ పడుకోబెడతాది? ఈ ఒక్క రేత్రికి తొంగోండమ్మా అని నాను పక్కకి జరిగినాను. మర్నాడు ఎల్లీసరికి మూడు ఇటికలు పెట్టి పొయ్యి ఎలిగించుకున్నారు. లెగమని అడుగుదావనే ఎల్లినాను. నోరు రానేదు."

జానీబేగం గారు లోపలికి వెళ్ళి ఒక పాత దిండు తెచ్చి నా కాళ్ళ వైపు పెట్టింది. "దీని మీద పెట్టుకో కాలు" అంది.

ఆ రోజు పైడిరాజు నా మీద పడుకున్నాడు. నిద్రపోలేదు. తలుపు గాలికి కదిలిన ప్రతిసారీ లేచి కూర్చునేవాడు. ఒక వారం అలాగే గడిచింది. ఇంటిని నమ్మడం కూడా ఒంటికి అలవాటు కావలసిన పనేనని అప్పటిదాకా నేనెరగను. ఆ తర్వాత పొడి కట్టు పొడిగానే ఉండసాగింది. పుండు చుట్టూ గులాబీ రంగు చర్మం వచ్చింది. సలోమి సిస్టరు స్వయంగా వచ్చి చూసి, "అల్లుడు అత్తారింటి మొహం మర్చిపోయాడే!" అని దెప్పి, కన్ను తుడుచుకుంది.

ఆఫీసరుగారు వచ్చారు. కాలు చూశారు, గది చూశారు, నన్ను కూడా ఒకసారి ఊపి చూశారు.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నావు? నిజం చెప్పు. ఫుట్‌పాత్‌ మీదికి వెళ్తున్నావని విన్నాను."

"ఎల్లీవోణ్ణి బాబూ. ఇప్పుడు ఎల్లటానికి అక్కడ నాకేటీ నేదు. ఇదొక్కటే వుంది."

రత్నమణి గోడకు ఆనుకుని నిలబడింది. ఆఫీసరుగారు తల ఊపి, కొనసాగించమని రాస్తానన్నారు. పైనున్నవాళ్ళు ఒప్పుకుంటారో లేదో తాను చెప్పలేనన్నారు. ఆ మాటకు నాకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది.

"బాబూ, ఒక్క మాట" అన్నాడు పైడిరాజు. "ఆ పార్సిలాఫీసు గోడ కింద ఒక తల్లీ కూతురూ వున్నారు. ఆళ్ళకి కూడా ఒక గది..."

"వాళ్ళకేం జబ్బు?"

"జబ్బేటీ నేదు బాబూ. ఇంకా."

ఆఫీసరుగారు కలం తెరిచారు, ఏమీ రాయకుండానే మూశారు. రత్నమణి మాత్రం వాళ్ళ పేర్లేమిటని అడిగింది. ఆ తల్లీకూతుళ్ళకు ఏమవుతుందో నాకు తెలియదు. ఏడాది తర్వాత ఈ గది ఎవరిదో కూడా తెలియదు. పాత ఇనుము కొనేవాడి బండి మీదికి నేను ఎప్పుడెక్కుతానో అసలే తెలియదు.

అందరూ వెళ్ళాక పైడిరాజు గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. పాదానికి ఒత్తిడి తగలకుండా ఆసుపత్రివాళ్ళు మెత్తటి చెప్పులు ఇచ్చారు. ఫుట్‌పాత్‌ మీద పడుకునేవాడు చెప్పులు తల కింద పెట్టుకుంటాడు, లేకపోతే తెల్లారేసరికి ఉండవు. అతను వాటిని ఒకటొకటిగా విడిచి గుమ్మం బయట పెట్టాడు. లోపలికి వచ్చి నా మీద వాలి, కాలు దిండు మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది.

బట్టలు ఆరేయడానికి వచ్చిన జానీబేగం గారి గొంతు వినిపించింది. "ఎవరివి ఈ చెప్పులు, దారికడ్డంగా?"

"నాయే బీబమ్మా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "లోపలున్నాను."