బొట్టు పెట్టి అడిగిన ఓటు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో శ్రీపతి గారి వరండా తెల్లారేసరికే నిండిపోయేది. నల్లా రావడం లేదని ఒకరు, కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటున్నారని ఒకరు, దవాఖానలో మంచం దొరకలేదని ఇంకొకరు. శ్రీపతి శాసనసభ్యుడు. రాత్రిళ్లు మీటింగులు కాబట్టి, పాపం, పొద్దెక్కేదాకా లేచేవాడు కాదు. జనం మొర వినేదీ, చీటీ రాసిచ్చి పంపేదీ, పని కాకపోతే మళ్లీ రమ్మనేదీ ఆయన భార్య అహల్య. సందంతా శ్రీపతిని ధర్మాత్ముడనేది. ఆయనా అదే నమ్మేవాడు.

ఆ వానాకాలంలో శ్రీపతి గుండె ఆగి పోయాడు. పదో రోజున పెద్దవాళ్లు అహల్య గాజులు తీసి, బొట్టు తుడిచారు. గాజులు పోయాయి. బొట్టు మాత్రం మర్నాడు పొద్దున్నే నుదుటి మీదికి తిరిగొచ్చింది. అత్తగారు తడిగుడ్డతో తుడిచింది. కొబ్బరినూనె అయింది, శనగపిండి అయింది, బట్టల సబ్బు కూడా అయింది. మధ్యాహ్నానికల్లా మళ్లీ ఎర్రగా, గుండ్రంగా అక్కడే ఉంది.

"ఉండనీలే, దానికి పోబుద్ధి అయితలేదు" అని అత్తగారు చేతులు కడుక్కుంది. సందులో వాళ్లూ సరేననుకున్నారు. ఉస్మాన్‌గంజ్‌లో కుంకుమ అమ్మే పెంటయ్య మాత్రం అది తన దుకాణం సరుకేనని కొన్నాళ్లు గొప్పలు పోయాడు.

మరిది ప్రహ్లాద్‌కు బొట్టుతో పేచీ లేదు, వరండాతోనే. "వదినా, అన్న పోయినంక జనం గీడికెందుకు? వరండాకు తలుపులు పెట్టిచ్చి సామాను వేస్కుంట. నువ్వు లోపల అమ్మ దగ్గర ఉండు. నీకేం ఫికర్?" అన్నాడు, ప్రేమగానే. ఆ ప్రేమకు అహల్యకు ఊపిరాడలేదు. ఆ లోపలి గదిలో ఇదివరకు శ్రీపతి మేనత్త ఉండేది. మొగుడు పోయాక అందులోకి వెళ్లిన మనిషి పాడె మీదే బయటికొచ్చింది.

అందుకే ఉప ఎన్నికలో నిలబడమని పార్టీ కబురు పంపగానే అహల్య ఒప్పుకుంది. సీటు వస్తే జనం వస్తారు, జనం వస్తే వరండా ఉంటుంది. ఆమెకు కావలసింది అదొక్కటే.

పార్టీ వ్యవహారాలు చూసేది లక్ష్మణరావు. రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రం అయినప్పుడు గుంటూరు నుంచి వచ్చి ఆబిడ్స్‌లో స్థిరపడ్డవాడు. "మీరు మాట్లాడక్కర్లేదమ్మా" అన్నాడు. "తెల్లచీర కట్టుకుని వేదిక మీద కూర్చోండి చాలు. ఏడ్చేదీ జనమే, ఓటేసేదీ జనమే." అయినా ఎందుకైనా మంచిదని అమరేశ్వరరావు అనే ఇంకో మనిషి చేత కూడా నామినేషన్ వేయించాడు. ఆఖరి రోజున ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి.

ఆబిడ్స్ స్టూడియోలో అహల్య ఫొటో తీయించారు. ఫొటోగ్రాఫరు నెగెటివ్ మీద బొట్టును పనితనంగా గీకేశాడు. బోసి నుదుటితో పోస్టర్లు అచ్చయి, గోడలెక్కాయి. తెల్లారి చూస్తే నాంపల్లి నుంచి గౌలిగూడ దాకా, నల్లసిరాతో అచ్చేసిన ప్రతి పోస్టర్ మీదా ఎర్రటి బొట్టు. జనం చూసుకుంటూ పనుల మీద పోయారు. లక్ష్మణరావు మాత్రం మండిపడుతూ వరండా ఎక్కాడు.

"ఇలా పేరంటానికి బయల్దేరినట్టుంటే ఎవరు జాలిపడతారమ్మా? అవతల కమలకుమారిని చూడండి, ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి మరీ ఓటడుగుతోంది. ఆవిడ పుణ్యస్త్రీ, చెల్లింది. మీకు అదీ కుదరదు, ఇదీ కుదరదు. ఇవాళ మధ్యాహ్నం మూడింటితో తప్పుకునే గడువు అయిపోతుంది. మీరు తప్పుకోండి."

ప్రహ్లాద్ అప్పటికే వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి, వరండా వెడల్పు కొలిపిస్తున్నాడు. అది అహల్య కంట పడింది.

"నేను గూడ బొట్టు పెట్టి అడుగుత" అంది.

అందరూ ఆమె వంక చూశారు. వడ్రంగి కూడా కొలవడం ఆపాడు.

"మీ చేత్తో ఎవరు పెట్టించుకుంటారమ్మా?" అన్నాడు లక్ష్మణరావు.

"ఒక్క ఇంట్ల పెట్టిచ్చుకున్నా నన్ను ఉంచుతరా?"

"ఉంచుతా. అమరేశ్వరరావును నేనే తప్పిస్తాను. పెట్టించుకోకపోతే?"

"తప్పుకుంటనని నేనే సంతకం పెడ్త."

లక్ష్మణరావు తెలివైనవాడు. ఇల్లు తానే ఎంచాడు. సందు మలుపులో ఉండే కోటేశ్వరమ్మది బెజవాడ వైపు. మడీ ఆచారాల్లో ఆవిడతో నెగ్గినవాళ్లు లేరు. పైగా ఇంట్లో కోడలు తొలిచూలు. ఆ గడప తొక్కడానికి పురోహితుడే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

అహల్య కుంకుమ భరిణె పట్టుకుని నడిచింది. ఆ ఇంటి మెట్లెక్కినప్పుడు, ఇక్కడి నుంచే వెనక్కి పోదామా అనిపించింది. తలుపు తట్టింది.

కోటేశ్వరమ్మ తలుపు తీసి, భరిణె చూసింది. తర్వాత అహల్య నుదురు చూసింది. గేటు దగ్గర లక్ష్మణరావు గడియారం చూసుకున్నాడు.

"నుదుట బొట్టున్న మనిషిని కాదనడానికి నేనెవర్ని?" అంది చివరికి కోటేశ్వరమ్మ. "పెట్టండి."

అహల్య ఉంగరపు వేలితో కుంకుమ తీసి ఆవిడ నుదుట పెట్టింది. "మీ ఓటు నాకే వెయ్యాలె, అక్కా" అంది. అదే క్షణంలో తన నుదుటి మీద చల్లగా గాలి తగిలినట్టయింది. కోటేశ్వరమ్మ మొహం పాలిపోయింది.

"అమ్మా, మీ బొట్టు పోయింది."

అహల్య తడుముకుంది. వేలికి ఏమీ అంటలేదు. ఇన్నాళ్లూ ఎవరెంత రుద్దినా పోనిది, ఇప్పుడా పోవడం! పరాయి గడపలో, చేతిలో కుంకుమతో, బోసి నుదుటితో నిలబడ్డందుకు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తనను ఇలా విడిచిపోయినందుకు మొదటిసారి మొగుడి మీద కోపం కూడా వచ్చింది. లోపలి నుంచి కోడలు తొంగిచూస్తోంది. ఇంకో క్షణంలో తలుపు మూసుకుంటుందని అహల్యకు తెలుసు.

లక్ష్మణరావు పరుగున మెట్లెక్కాడు. మొహం వెలిగిపోతోంది. "పోయిందా? బతికించారు! ఇంక పందెం లేదు, ఏం లేదు, మీరే అభ్యర్థి. ఈ భరిణె ఇలా ఇచ్చేసి ఇంటికెళ్లి కూర్చోండి. కూర్చోబెట్టే గెలిపిస్తాను."

చేయి చాచాడు. అహల్య భరిణె ఇవ్వలేదు. ఇస్తే సీటు వస్తుంది. జీవితమంతా మాట్లాడకుండా కూర్చోవడమూ వస్తుంది. అప్పుడు వరండాలో కూర్చున్నా లోపలి గదిలో కూర్చున్నా ఒకటే.

"కాస్త పక్కకి జరగండి బాబూ" అంది కోటేశ్వరమ్మ లక్ష్మణరావుతో. "బొట్టు పెట్టిన మనిషికి తిరిగి పెట్టకుండా పంపడం మా ఇంటా వంటా లేదు. అటు ఆచారం ఉంది, ఇటూ ఆచారమే ఉంది. ఏం చేయమంటారు నన్ను?"

కోటేశ్వరమ్మ భరిణెలోంచి కుంకుమ తీసి, వేలు గాల్లోనే ఆపి, అహల్య కళ్లలోకి చూసింది. పెట్టించుకుంటావా అని అడుగుతున్నట్టు చూసింది.

అహల్య కళ్లు నిండాయి. తల వంచింది.

"జర పెద్దగనే పెట్టున్రి, అక్కా" అంది.